ఖల్ఫాన్ పెరట్లో నా పడవ

పదవికీ పడవకీ పలకడంలో పెద్ద తేడా లేదు. మొదటిది ఉండగా రెండోది కొన్నాను. రెండోది వచ్చిన ఏడో వారానికి మొదటిది ఊడింది. ఈ ముక్క మా ఆవిడ శేషుకుమారికి చెప్పాలి. ఎప్పుడు చెప్పాలి, ఎక్కడ చెప్పాలి, ఎలా చెప్పాలి అని జనవరి అంతా ఆలోచించి, ఫిబ్రవరి అంతా సముద్రం చుట్టూ తిరిగాను.

ముందు పడవ సంగతి చెబుతాను. నా పేరు సూర్యప్రకాశ్, మాది కాకినాడ. మస్కట్‌లో పంతొమ్మిదేళ్ళుగా ఒక కాంట్రాక్టు కంపెనీలో ఎస్టిమేటర్‌ని. ఎవరి బంగళాకి ఎన్ని ఇటుకలు పడతాయో, ఎవరి స్నానాల గదికి ఎన్ని పలకలు పడతాయో ముందే లెక్క కట్టి చెప్పడం నా పని. ఇన్నేళ్ళలో నా అంచనాకు అందనివి రెండే, ఒకటి సముద్రం, రెండు శేషు.

మస్కట్‌లోనే అజైబా అనే పేటలో అద్దెకుంటాం. ఫ్లాటు ఇంటాయనది, కారు బ్యాంకుది, వీసా కంపెనీది. నాది అని ధైర్యంగా చెప్పుకోదగింది నా బొజ్జ ఒక్కటే. సముద్రం ఒడ్డున పుట్టి, సముద్రం ఒడ్డునే ఉద్యోగం చేస్తూ, శుక్రవారం వచ్చేసరికి హైపర్‌మార్కెట్లో బండి తోసుకుంటూ తిరిగే బతుకు మీద విసుగు పుట్టింది. సెలవులకీ వారాంతాలకీ ఒక పాత పడవ కొనుక్కుందామనుకున్నాను. నావ అనే మాటలో ‘నా’ ముందే ఉంది కదా అని నా ధీమా. ఆ వెనకున్న ‘వ’ ఎవరిదో అప్పటికి తెలియదు.

బేరం కుదిర్చింది పోచన్న. జగిత్యాల వైపు మనిషి, తాపీ మేస్త్రీ. సహంలో మా కంపెనీ సైట్ చూస్తుంటాడు. సహం అంటే మస్కట్ నుంచి రెండు గంటల దారి, ఒకవైపు ఖర్జూరం తోటలు, ఒకవైపు చేపల పడవలు.

“సార్, గీడ ఒక ముసలాయిన తన బోటు అమ్ముతనంటుండు” అన్నాడు ఫోనులో. “చేపల బోటు గాదు, షికారు బోటు. మోకాళ్ళు నొస్తున్నయట, ఎక్కుడు అయితలేదట. అగ్గువకే ఇస్తడు. వచ్చి చూస్తరా?”

వెళ్ళి చూశాను. తెల్లటి ఫైబర్ పడవ, నడుముకు నీలం గీత, పైన గుడ్డ కప్పు, వెనక ఒక ఇంజను, ముందు కారుకున్నట్టే చక్రం. ఆ చక్రం పట్టుకోగానే నా యాభై నాలుగేళ్ళలో ముప్పై ఏళ్ళు నీళ్ళలో పడిపోయాయి. ముసలాయన పేరు ఖల్ఫాన్. పొడుగాటి మనిషి, తెల్ల గడ్డం, మడమల దాకా తెల్లటి డిష్‌డాషా అంగీ, మాట నెమ్మది. ఆయన హిందీ మాట్లాడతాడు, నేనూ హిందీ మాట్లాడతాను. ఇద్దరి హిందీ హిందీవాడెవడైనా వింటే అరబిక్ నేర్చుకునేవాడు.

కాగితం నా పేరు మీదికి మారింది. ముల్కియా అంటారు ఇక్కడ, బండికైనా బోటుకైనా యజమాని కార్డు అది. దాని మీద నా పేరు చూసుకుని, ఖల్ఫాన్ చెయ్యి పట్టుకుని కృతజ్ఞతగా “శుక్రన్, అర్బాబ్” అన్నాను.

పక్కనే ఉన్న పోచన్న నెత్తి కొట్టుకున్నాడు.

“సార్! అర్బాబ్ అంటే మాలిక్. మనకు వీసా ఇచ్చెటాయినను అంటం, జీతమిచ్చెటాయినను అంటం. బోటు గొన్నది మీరు. ఆయినను పట్టుకొని అర్బాబ్ అంటరేంది?”

“అలవాటు పోచన్నా. తెల్లటి డిష్‌డాషా కనిపిస్తే నా నోట అదే వస్తుంది.”

“అలవాటే ఆఖరికి అర్జీల దాకా తెస్తది” అన్నాడు. వాడి మాటకు ప్రాస ఉన్నందుకు నాకు ముచ్చటేసింది గాని, పస ఉందని అప్పుడు తట్టలేదు.

అసలు తప్పు ఆ తరవాత చేశాను. పడవను ట్రైలరు మీద పెట్టి లాక్కెళ్ళడానికి నా చిన్నకారు వెనక కొక్కెం లేదు. అజైబాలో మా బిల్డింగు కింద స్కూటరు పెట్టాలన్నా వాచ్‌మన్‌కి దణ్ణం పెట్టాలి. బోటుంది, చోటు లేదు. ఖల్ఫాన్ నా మొహం చూసి, “ఎందుకు దిగులు? నా పెరట్లో షెడ్డుంది. అక్కడే ఉండనీ. అద్దె అంటే మాత్రం కోపం వస్తుంది. ప్రతి శుక్రవారం రా, తిరుగు” అన్నాడు.

“హాజిర్, అర్బాబ్” అన్నాను.

చిత్తం దొరా అన్నమాట. అలా పడవ కొన్నాను, కొని అమ్మినవాడి పెరట్లోనే పెట్టాను. కొన్న గేదెను పాత ఆసామి కొట్టంలోనే కట్టేసి, పాలకోసం రెండు గంటలు కారులో వెళ్ళేవాడు లోకంలో ఇంకొకడు ఉంటే చూపించండి.

మొదటి శుక్రవారం శేషునీ తీసుకుని పొద్దున్నే బయల్దేరాను. ఖల్ఫాన్ గుమ్మంలోనే ఉన్నాడు. “ముందు కహ్వా” అన్నాడు. కహ్వా అంటే యాలకులు వేసిన పాలు లేని కాఫీ, బొటనవేలంత కప్పులో పోస్తారు. పక్కన ఖర్జూరాలు, హల్వా. తాగడం చాలించాలంటే ఖాళీ కప్పును అటూ ఇటూ ఊపాలి, ఊపేదాకా పోస్తూనే ఉంటారు. శేషు రెండో కప్పుకి ఊపింది. నేను ఊపను. ఆఫీసులో పంతొమ్మిదేళ్ళలో ‘వద్దు’, ‘కాదు’, ‘కుదరదు’ అనే మూడు మాటలూ ఎండలో ఆరేసి మర్చిపోయినవాణ్ణి. ఏడు కప్పులు తాగాను. తరవాత ఖల్ఫాన్ తమ్ముడొచ్చాడు. తరవాత బావమరిది. తరవాత ఖల్ఫాన్ పికప్పుతో పడవను నీళ్ళ దాకా లాగి, మోకాళ్ళ నొప్పులన్న మనిషి మేకపోతులా ఎగిరి ఎక్కి చక్రం దగ్గర కూర్చున్నాడు.

నేను లైఫ్ జాకెట్టు వేసుకుని, ముందు మూలన, తాడు చుట్ట మీద కూర్చున్నాను. ఓడెక్కేదాకా ఓడ మల్లన్న, ఓడ దిగాక బోడి మల్లన్న అంటారు. ఇక్కడ మల్లన్న ఓడ అమ్మేశాడు గాని దిగలేదు.

అలాగే రెండో శుక్రవారం, మూడో శుక్రవారం. సహంలో కావలసింది సహనం అని సర్దిచెప్పుకున్నాను. ఆయన మాత్రం మనసులో ఏమీ లేకుండా సంతోషంగా తిప్పేవాడు. నీళ్ళ రంగు చూసి లోతు చెప్పేవాడు. ఇసుకలో పడుకునే టేకు చేపల గురించి చెప్పేవాడు. వాటి తోకలో ముల్లుంటుందనీ, కాలు పడితే వారం రోజులు జ్వరమనీ వివరించేవాడు. శేషు ఇండియన్ స్కూల్లో లెక్కల టీచరు. ఎవరు ఏం చెప్పినా రెండు ప్రశ్నలు అడగనిదే వదలదు. ఆయన ఆమెను “టీచర్” అని పిలిచేవాడు, నన్ను “సూరియా” అనేవాడు. ఆ పిలుపులో ఎండ తప్ప ప్రకాశం లేదు.

జనవరి మొదటివారంలో ఉత్తరం వచ్చింది. కంపెనీ కొత్త పనులు తగ్గించుకుంటోందట, అంచనాల విభాగం మూసేస్తోందట, ఏప్రిల్ నెలాఖరుతో నా సేవలు చాలట. ఉద్యోగం పోతే వీసా పోతుంది, వీసా పోతే నేను పోవాలి. శేషు వీసా మాత్రం స్కూలుది. ఆమె తన కాళ్ళ మీద నిలబడింది, నేను కంపెనీ కాళ్ళ మీద.

ఇంట్లో చెప్పవచ్చు కదా అంటారు. చెప్పలేను. మా అమ్మాయి విజేతకు హైదరాబాదులో జ్వరం వచ్చిందన్నా, ఫ్లాటు అద్దె పెరిగిందన్నా, శేషు “ఊఁ” అని లేచి వంటింట్లోకి వెళుతుంది. గిన్నెలు తోముతుంది. తోమినవి మళ్ళీ తోముతుంది. ఆ చప్పుడులో ఇంకో మాట వినపడదు. రెండు రోజుల తరవాత బయటికి వచ్చి, తాను ఒక్కతే తేల్చుకున్న నిర్ణయం చెబుతుంది. ఈసారి అలా కాకూడదు. ఇది ఇద్దరం కూర్చుని తేల్చుకోవలసింది. పడవలో అయితే వంటిల్లు లేదు, లేచి వెళ్ళడానికి తలుపు లేదు. నడిసముద్రంలో ఆమె నా మొహం చూడక తప్పదు, నేను నోరు తెరవక తప్పదు.

గడువు కూడా ఉంది. వచ్చే రెండేళ్ళు పనిచేస్తారా లేదా అని స్కూలువాళ్ళు అడిగారు. ఫిబ్రవరి ఆఖరి ఆదివారం లోపు రాసివ్వాలి.

“ఏమండీ, ఏం రాయమంటారు? ఇంకో రెండేళ్ళు ఉంటాం కదా?” అని అడిగింది ఫిబ్రవరి మొదటివారం.

“చూద్దాం” అన్నాను.

రెండోవారం అడిగింది. “చూద్దాంలే శేషూ.”

మూడోవారం పడవలోనే అడిగింది. ఆ పక్కన ఖల్ఫాన్, ఈ పక్కన తమ్ముడు, వెనక బావమరిది. పైగా ఖల్ఫాన్ పాట అందుకున్నాడు. అలల మీద ఎగిరెగిరి పడుతూ, “శేషూ, నా ఉద్యోగం పోయింది” అనే వాక్యం గొంతుదాకా వచ్చి, ఉప్పునీళ్ళతో కలిసి లోపలికి దిగిపోయింది. “చూద్దాం” అన్నాను మళ్ళీ.

ఇక లాభం లేదని పోచన్న రూముకి వెళ్ళాను. ఉద్యోగం సంగతి వాడికి తెలుసు. సైట్‌లో అందరికీ తెలుసు, శేషుకే తెలియదు. నాలుగు మంచాల గదిలో వాడు ఉల్లిపాయలు కోస్తూ అంతా విన్నాడు.

“గంతేనా సార్? గా ముసలాయినను ఈసారి రావొద్దని చెప్పుండ్రి.”

“ఎలా చెప్పను? పెరడు ఆయనది, పికప్పు ఆయనది, కాఫీ ఆయనది.”

“బోటు మీది గదా?”

“బోటు నాదే.”

“గట్టిగనుండ్రి.”

“బోటు నాదే.”

“సార్, గిది ఆఫీసుల సెలవడిగినట్టున్నది.” వాడు కత్తి పక్కన పెట్టాడు. “ఇగో, నేను ఖల్ఫాన్‌ను. మీరు నాకు చెప్పాలె. సూరియా, నడువు పోదాం బోటు మీద!”

“హాజిర్, అర్బాబ్” అన్నాను.

పక్క మంచం మీది భూమేశ్ దుప్పటి తన్నేసి లేచి కూర్చుని నవ్వాడు. పోచన్న నవ్వలేదు. “నేను పదిహేనేండ్లాయె వీళ్ళతోని పనిజేయవట్టి” అన్నాడు. “మనం కాదంటే వాళ్ళేం గుస్స గారు సార్. మనమే అనం. మర్యాద ఒక్క తీరు, భయం ఒక్క తీరు. రెండింటికి ఒక్కటే అంగి తొడిగిండ్రు మీరు.”

ఆ తరవాత అరగంట నాచేత వల్లె వేయించాడు. “ఈ రోజు మేమిద్దరమే వెళ్తాం” అని హిందీలో పదకొండుసార్లు. పన్నెండోసారి నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఫిబ్రవరి ఆఖరి శుక్రవారం. కారులో శేషు ఏమీ అడగలేదు. ఒడిలో టిఫిను క్యారియరు. అందులో దిబ్బరొట్టె, అల్లం పచ్చడి. ఖల్ఫాన్ గుమ్మంలో నిలబడి, “సూరియా! ముందు కహ్వా” అన్నాడు. తాగాను. రెండోసారి పోయడానికి కూజా వంచాడు.

కప్పు ఊపాను.

ఖల్ఫాన్ కూజా గాల్లోనే ఆగింది. ఏడు కప్పుల వాడు ఒక్క కప్పుకి ఊపితే, ఒళ్ళు బాగా లేదేమో అన్నట్టు నా మొహంలోకి చూశాడు.

“ఈ రోజు మేమిద్దరమే వెళ్తాం” అన్నాను. కాస్త ఎక్కువ గట్టిగానే వచ్చింది. గోడ మీది పిట్ట ఎగిరిపోయింది.

శేషు తల తిప్పి నన్ను చూసింది. పెళ్ళయిన ఇరవై ఎనిమిదేళ్ళలో అలా చూడడం మొదటిసారి.

ఖల్ఫాన్ కూజా కింద పెట్టాడు. తరవాత “జైన్” అన్నాడు. మంచిది అని అర్థం. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. లేచి తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టాడు. పికప్పుతో పడవను వాగు నోటి దగ్గరకు లాగాడు. వాగు నీళ్ళు సముద్రంలో కలిసే చోటు అది. నేనే ఎక్కాను. నేనే చక్రం దగ్గర కూర్చున్నాను. ఆయన మోకాలి లోతులో నిలబడి పడవ అంచు పట్టుకుని, “సూరియా, పానీ...” అని మొదలుపెట్టాడు.

“మాలూమ్, మాలూమ్” అన్నాను చెయ్యెత్తి. తెలుసు, తెలుసు.

పంతొమ్మిదేళ్ళు ఆపుకున్న ‘వద్దు’ ఒకసారి తలుపు తెరిస్తే ఊరుకుంటుందా, అవసరం లేని చోట కూడా దూకింది. పడవ నడిపే కార్డుకోసం మస్కట్‌లో రెండు శుక్రవారాలు క్లాసుకి వెళ్ళానాయె. మరి నాకు తెలియనిదేముంది? ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. శేషు కొంగు ఎగిరింది. నేను చుక్కాని పట్టిన చక్రవర్తిలా ఒడ్డుకేసి చెయ్యి ఊపాను. ఒడ్డు మీద ఖల్ఫాన్ రెండు చేతులూ ఊపాడు. వీడ్కోలు అనుకున్నాను. ఇటు కాదు అటు అని ఆయన చెబుతున్నాడని మరుక్షణంలో పడవ చెప్పింది.

బరబరమని చప్పుడు. పడవ ముక్కు లేచింది. వెనక ఇంజను ఇసుకను మజ్జిగలా చిలికి, దగ్గి, ఆగిపోయింది.

ఇసుక దిబ్బ ఎక్కాం. ఒడ్డుకి రెండు వందల గజాలు కూడా లేదు.

“ఏమైందండీ?”

“ఆగాం.”

“మీరు ఆపారా? అదే ఆగిందా?”

“ఇద్దరం కలిసి ఆపాం.”

ఇంజను పైకెత్తాను. తెడ్డుతో పొడిచాను. పొడిచినకొద్దీ నీళ్ళు వెనక్కి పోతున్నాయి. పోటు పోయి పాటు నడుస్తోందని అప్పుడు అర్థమయింది. ఆయన చెప్పబోయిన ‘పానీ’ ఇదే. క్లాసులో సముద్రం ఎప్పుడూ నిండుగానే ఉండేది. తగ్గే సముద్రం గురించి పాఠం మూడో శుక్రవారం ఉందేమో, నేను రెండింటితో సరిపెట్టుకున్నాను.

ఖల్ఫాన్ ఒడ్డునుంచి అరిచాడు. గాలికి సగమే వినిపించింది. ఆకాశం వైపు చూపించాడు, వాచీ చూపించాడు, రెండు అరచేతులూ చెవుల దాకా ఎత్తాడు. మధ్యాహ్నం నమాజు. శుక్రవారం నమాజుకి ఆగడం ఉండదు. సముద్రం తిరిగి రావడానికీ టైం ఉంది. అప్పటిదాకా కూర్చోమన్నట్టు అరచేయి కిందికి అదిమి, పికప్పు ఎక్కి వెళ్ళిపోయాడు. పది నిమిషాల్లో తీరం మొత్తం ఖాళీ అయింది. వలలు బాగుచేసేవాళ్ళు లేరు, చేపలు తూచేవాళ్ళు లేరు. కొంగలు కూడా కొంచెం దూరం జరిగాయి.

“దిగి నడిచిపోదామా?” అన్నాను.

“టేకు చేపలు” అంది శేషు. నీళ్ళు మోకాలి లోతే ఉన్నాయి, కానీ అడుగు కనిపించడం లేదు. ఇద్దరం కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చున్నాం.

నేను నాలుగు నెలలుగా కోరుకున్నది కళ్ళముందుంది. పడవ నాది, చక్రం నా చేతిలో, పక్కన శేషు, చుట్టూ నరపురుగు లేదు. చెప్పకుండా ఉండడానికి ఒక్క సాకు మిగల్లేదు. శేషు దిబ్బరొట్టె విరిచి ఇచ్చింది.

“దిబ్బ మీద దిబ్బరొట్టె” అన్నాను. “కింద ఇసుకది, పైన మినపది. కింది దిబ్బలో పడవ, పై దిబ్బలో మనం...”

“ఏమండీ.”

“ఊఁ?”

“మీరు మాటలతో ఆడుకుంటున్నారంటే ఏదో దాస్తున్నారని. మా నాన్నని మొదటిసారి అప్పు అడగడానికి వచ్చినప్పుడు కూడా గంటసేపు అరిటాకు మీద జోకులేశారు. విషయం చెప్పండి.”

రొట్టె ముక్క తిరిగి క్యారియర్లో పెట్టాను. నీళ్ళు తాగాను.

“శేషూ, నా ఉద్యోగం పోయింది. ఏప్రిల్ ఆఖరుకి వెళ్ళిపోవాలి.”

ఆమె క్యారియరు మూత పెట్టింది.

“ఎప్పుడు తెలిసింది?”

“జనవరి మొదటివారం.”

“ఇవాళ ఫిబ్రవరి ఆఖరు.”

లెక్కల టీచరు. వేళ్ళు మడిచింది. ఏడు వారాలు.

“నీకు ఇక్కడే చెప్పాలనుకున్నాను. ఇంట్లో అయితే నువ్వు లేచి వెళ్ళిపోతావని. ఆదివారం లోపు నువ్వు స్కూల్లో...”

“ఇచ్చేశాను.”

“ఏమిటి?”

“ఉత్తరం. నిన్ననే ఇచ్చేశాను. రెండేళ్ళు ఉంటానని సంతకం పెట్టాను.”

పడవ కింద ఇసుక ఎక్కడో కొంచెం కుంగింది. పడవ ఒక పక్కకు ఒరిగింది. నేను అంచు పట్టుకున్నాను.

“నన్నడక్కుండా?”

“అడిగాను” అంది శేషు. గొంతు పెంచలేదు, అందుకే భయమేసింది. “మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ చూద్దాం అన్నారు. మీరు ఎవరికైనా కాదని చెప్పింది నేనెప్పుడు చూశాను? ఇంటాయన అద్దె పెంచినా సరే అంటారు, వాచ్‌మన్ కారు తీసెయ్యమన్నా సరే అంటారు. మీ చూద్దాం అంటే సరే అనే అనుకున్నాను. ఇక మీరే సరే అన్నాక నేను ఆగడమెందుకని ఇచ్చేశాను.”

“వెనక్కి తీసుకోవచ్చేమో.”

“తీసుకుంటే? ఇద్దరం ఉద్యోగాలు లేకుండా వెళ్ళి ఏం చేస్తాం? మీకు యాభై నాలుగు. అక్కడ ఎవరి ఇటుకలు లెక్కపెడతారు?”

దానికి నా దగ్గర అంచనా లేదు.

“నీ వీసా మీద నేను ఉండొచ్చేమో. అడగాలి.”

“అడగండి. ఎవర్ని అడగాలో తెలుసా?”

“తెలీదు.”

“నాకూ తెలీదు” అంది. “ముందే చెప్పి ఉంటే ఈపాటికి తెలుసుకునేవాళ్ళం.”

ఆమె లేచింది. ఎక్కడికి వెళుతుంది, వెళ్ళడానికేముంది అనుకున్నాను. సీటు కిందనుంచి ప్లాస్టిక్ మగ్గు తీసింది, పాత గుడ్డ తీసింది. వంగి సముద్రంలో ముంచి నీళ్ళు తెచ్చి, పడవ నేల తోమడం మొదలుపెట్టింది. ఖల్ఫాన్ ఏళ్ళ తరబడి చేపలు కోసిన మరకలవి. అరగంట తోమింది. మరకలు పోయాక సీట్లు తోమింది, సీట్లయ్యాక చక్రం తోమింది. ఆమె ఎత్తమన్న చోట నేను కాళ్ళు ఎత్తి, జరగమన్న చోట జరిగాను. పడవలో వంటిల్లు ఉండదని లెక్క వేసినవాణ్ణి నేనే. ఆ లెక్కా తప్పింది.

మధ్యలో ఒకసారి ఆగి, మణికట్టుతో నుదురు తుడుచుకుని, “మీరొక్కరూ అక్కడ వండుకోగలరా?” అంది.

“గలను” అన్నాను.

“ఏం వండుతారు?”

ఆలోచించాను. “ఉప్మా.”

“రెండేళ్ళా?”

నవ్వలేదు, ఏడవలేదు. మళ్ళీ గుడ్డ ముంచింది. నాకు ఏదో అనాలనిపించింది. ఒక్క చమత్కారం కూడా రాలేదు.

రెండున్నరకి పికప్పు వచ్చింది. ఖల్ఫాన్ ఒక్కడే. తమ్ముడూ బావమరిదీ లేరు. మూత పెట్టిన పళ్ళెం ఒకటి నెత్తిన పెట్టుకుని, డిష్‌డాషా నడుముదాకా దోపుకుని నీళ్ళలోకి దిగాడు. కాళ్ళు ఎత్తి వేయలేదు, ఇసుకలో ఈడుస్తూ నడిచాడు. అలా ఈడిస్తే టేకు చేపలు తప్పుకుంటాయట. అది ఆయన మాకు ఎప్పుడూ చెప్పలేదు, మేం ఎప్పుడూ నడవలేదు గనక. అప్పటికి నీళ్ళు తిరిగి వస్తున్నాయి. పడవ అడుగున చిన్న చిన్న తట్లు వినపడుతున్నాయి.

పళ్ళెం అంచు మీంచి లోపలికి అందించాడు. అన్నం, మాంసం. టీచర్ మాంసం తినదని ఒక పక్కన విడిగా వట్టి అన్నం, పెరుగు. “తిన్నారా?” అన్నాడు. దిబ్బ సంగతి ఎత్తలేదు. నేను చెప్పలేదా అని దెప్పలేదు. నేను పొద్దున అన్నమాటకి కట్టుబడి లోపలికి ఎక్కకుండా, తొడల లోతు నీళ్ళలో పడవ పట్టుకుని నిలబడ్డాడు. మోకాళ్ళు నిజంగానే నొస్తున్నాయని అప్పుడు తెలిసింది. ఒక కాలి మీది బరువు ఇంకో కాలి మీదికి మార్చుకుంటున్నాడు.

“ఎక్కండి” అన్నాను.

“లేదు, మీరిద్దరే కదా” అన్నాడు.

శేషు నావైపు చూడలేదు. తోమిన గుడ్డ పిండుతోంది.

“ఖల్ఫాన్ భాయ్” అన్నాను. నా నోట ఆయన పేరు రావడం అదే మొదలు. “నేను ఏప్రిల్‌లో వెళ్ళిపోతున్నాను. ఉద్యోగం అయిపోయింది. టీచర్ ఇక్కడే ఉంటుంది, రెండేళ్ళు. ఆమెకి నేర్పండి. నీళ్ళు ఎప్పుడు వస్తాయో, ఎప్పుడు పోతాయో, అన్నీ.”

ఆయన నన్ను చూశాడు, శేషుని చూశాడు. అంచు పట్టుకుని పైకి ఎక్కబోయాడు, మొదటిసారి కుదరలేదు. నేను చంకల కింద చేతులు వేసి లాగాను. ఇద్దరం కలిసి తడి తడిగా లోపల పడ్డాం.

“నాకెందుకండీ పడవ?” అంది శేషు తెలుగులో. “స్కూలుంది, పరీక్ష పేపర్లున్నాయి. రెండు గంటలు బస్సులో వచ్చి నేనొక్కదాన్నే ఏం చేస్తాను?”

“తెలీదు” అన్నాను. నిజంగానే తెలీదు. అమ్మెయ్యమని చెప్పవచ్చు. చెప్పలేదు.

ఖల్ఫాన్ చక్రం పక్కన, దాని ముందు కాకుండా, నిలబడి “టీచర్, బైఠో” అన్నాడు. శేషు గుడ్డ మడిచి సీటు కింద పెట్టింది. తరవాత చేతులు చీరకు తుడుచుకుని కూర్చుంది.

“ఏది ముందు?” అంది హిందీలో, క్లాసులో పిల్లలతో మాట్లాడే గొంతుతో.

ఆయన తాళం వైపు పోలేదు. బయటి నీళ్ళను చూపించాడు. పచ్చగా ఉన్న చోటు వేరు, గోధుమరంగులో ఉన్న చోటు వేరు. గోధుమరంగు వైపు వేలు ఊపి వద్దన్నాడు. ఆమె తల ఆడించి, రెండు ప్రశ్నలు అడిగింది. నేను వాళ్ళకు అడ్డం లేకుండా ముందుకి పాకి తాడు చుట్ట మీద కూర్చున్నాను. పడవ దిబ్బ మీంచి ఎప్పుడు లేచిందో నాకు తెలియలేదు.

శేషు తాళం తిప్పింది. వెనక ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

“మళ్ళీ” అన్నాడు ఖల్ఫాన్.